తడి మీది నీలం

"అక్కా, ఇంతకు ఏ డబ్బ మూత తియ్యాలె?" అని సైదులు గడప అవతల నిలబడి అడిగినప్పుడు నేను మగ్గం ముందు కూర్చుని ఉన్నాను. నేస్తూ కాదు, ఊరికే. ఆ ఎండాకాలమంతా నేను చేసిన పని అదొక్కటే.

మా ఆయన అశోక్‌కుమార్ మాఘంలో పోయాడు. పొద్దున లేచి మొహం కడుక్కుని, పెరట్లో రంగు కుండల దగ్గరికి వెళ్లబోతూ గడప మీద కూలబడ్డాడు. దవాఖానకు తీసుకుపోదామని ఆటో పిలిపించేలోపే అయిపోయింది. ఆ సంగతి ఇంతకంటే చెప్పలేను.

సైదులు మా ఊళ్లో గోడలకు రంగులు వేస్తాడు. పక్కింట్లో పెండ్లి ఉందని వాళ్ల పని మీద వచ్చాడు. మా నడిమి గదికి కూడా ఎండలు ముదరకముందే వేస్తానని మా ఆయనకు మాట ఇచ్చాడట. మనిషి లేకపోయినా మాట ఉంది కదా అని మా గడప దాకా వచ్చాడు. మంచివాడే. కానీ ఆ పూట అతని మొహం చూస్తే నాకు ఒళ్లు మండింది.

"ఏ డబ్బా వద్దు. పో" అన్నాను.

"గట్లనే ఉంచితె పుట్టీ రాలిపోతదక్కా. గోడ పాడైతది."

"పాడు కానియ్యి."

లోపలి నుంచి మా అత్త ఆండాళు గొంతు వచ్చింది. "నీలం డబ్బ తియ్యి సైదులూ. నా కొడుకు కోరుకున్నది గదే."

ఆమె గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు ఆమెవి, వంగవు. నేనూ ఆ ఇంటి పిల్లనే. ఆండాళు మా నాయినకు సొంత అక్క. అంటే నాకు ముందు మేనత్త, తర్వాత అత్తగారు. నేను మా ఆయనను పెళ్లికి ముందూ బావా అనే పిలిచాను, పెళ్లయ్యాకా బావా అనే పిలిచాను.

"రేపు చెప్తం పో" అని సైదులును పంపేశాను.

ఆ డబ్బాల సంగతి చెప్పకపోతే నేను ఉత్త పిచ్చిదానిలా కనిపిస్తాను. కార్తీకంలో బావా నేనూ బస్సెక్కి దేవరకొండలో రంగుల దుకాణానికి వెళ్లాం. మాది చిట్కి నేత. నూలుకు ముడులు కట్టేది నేను, రంగులో ముంచేది ఆయన. ముంచే పని తెల్లవారకముందే మొదలుపెట్టాలి కాబట్టి ఆయనకు మధ్యాహ్నం నిద్ర కావాలి. కొత్తగా కట్టుకున్న నడిమి గది పడమటి వైపు ఉంది. తెల్లటి పుట్టీ గోడలు, ఎండ పడితే కళ్లు చెదిరేవి. లోపల ముదురు రంగు వేస్తే గానీ నిద్ర పట్టదన్నాడు. నేనూ సరేనన్నాను. ఇరవై రెండేళ్ల కాపురంలో ఒక విషయం మీద ఇద్దరిదీ ఒకటే మాట కావడం చూసి నాకు కొంచెం భయమేసింది కూడా. ఆ భయం దుకాణం మెట్లెక్కేదాకానే ఉంది. ఆయన నీలం అన్నాడు, నేను నేరేడు పండు రంగు అన్నాను.

నేను దుకాణంలోని రంగుల కార్డు మీద ఒక గడి చూపించి, ఇది ఉన్నదున్నట్టు కలపమన్నాను. బావకు కార్డు మీద నమ్మకం లేదు.

"కాయితం చూసి గోడకు రంగు తీస్తరా ఎవరన్న? నాకు కలిపి చూపియ్యి" అన్నాడు దుకాణం ఆయనతో.

కలిపి మూత తీసి చూపించాడు. బావ పుల్లతో తిప్పి, పైకెత్తి, కారుతున్న రంగును వెలుగులో పెట్టి చూశాడు. "తడి మీదనే గిట్లుంటె ఎండినంక మస్తు తేలిపోతది. ఇంకింత ముదురు చెయ్యి" అన్నాడు. మళ్లీ కలిపించాడు. మళ్లీ చూశాడు. "ఇంక జరంత." దుకాణం ఆయన, మీ ఇష్టం సార్ అంటూ యంత్రం కింద డబ్బా పెట్టాడు. నా డబ్బా వైపు చూసి బావ నవ్వాడు. "నీ నేరేడు ఎండినంక ఉల్లిపొట్టు లెక్కైతది, సూడు."

ఒకసారి కలిపిన రంగును దుకాణం వాళ్లు వాపసు తీసుకోరు. రెండు డబ్బాలూ ఇంటికి తెచ్చాం. బస్సులో చెరొక డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని దారి పొడుగునా అదే గొడవ. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు, మేము తెచ్చుకున్న కార్డులో నేను చూపించిన నీలం, నేరేడు గళ్లు చూసి, "రెండు నల్లగనే ఉన్నయి గదమ్మా, గింతదానికి లొల్లెందుకు?" అన్నాడు. ఇద్దరం కలిసి అతని మీదికి లేచాం. ఆ రోజు మేమిద్దరం ఎంత సంతోషంగా ఉన్నామో ఇప్పుడు తెలుస్తోంది.

మాకు పిల్లలు కలగలేదు. ఇంట్లో సందడి అంటే మా గొడవే. చీర కొంగుకు ఏ రంగు, అంచుకు ఏ రంగు, పప్పులో చింతపండా మామిడికాయా, అన్నిటికీ గొడవే. మామూలు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునే మాటలు మేము గొడవలో పెట్టి మాట్లాడుకున్నాం. మార్గశిరం, పుష్యం ఆ డబ్బాలు మంచం కిందే ఉన్నాయి. మాఘంలో ఆ పొద్దున కూడా తువ్వాల భుజాన వేసుకుని పెరట్లోకి పోతూ, "నీ నేరేడు గీరేడు నడువది, చెప్తున్న" అన్నాడు. నేను పొయ్యి ముందు నుంచి, "సూద్దాం తియ్యి" అన్నాను. అంతే. ఆయన ఆఖరి మాట అది. చుట్టాలొచ్చి, పోయేముందు ఏమన్నాడని ఒక్కొక్కరే అడిగారు. మా కులదైవం మార్కండేయుణ్ని తలుచుకున్నాడని అబద్ధం చెప్పాను. నేరేడు నడవదన్నాడని ఎట్లా చెప్పను?

ఇప్పుడు సైదులు ఏదో ఒక మూత తీస్తే ఆ గొడవ తెగిపోతుంది. నీలం తీస్తే ఆయన గెలిచినట్టు, నేరేడు తీస్తే నేను గెలిచినట్టు. మూతలు రెండూ బిగించి ఉన్నంత కాలం మా మధ్య ఒక మాట ఇంకా మిగిలి ఉంది. నేను ఆ మాటను పోనివ్వదలచుకోలేదు. ఆయన పోయినప్పటి నుంచీ ఆ గదిలో నేను పడుకోలేదు కూడా. అత్త పక్కన ముందరి గదిలోనే చాప వేసుకునేదాన్ని.

ఆ సాయంత్రం అత్తకు అన్నం పెడుతుంటే ఆమే ఎత్తింది.

"వసంతా, వానికి ఇగ మనం చేసేటిది ఏమున్నదే? ఒక కోరిక ఉండె వానికి. గోడకు నీలం గావాలన్నడు. గదన్న చెయ్యి."

"నాకు నేరేడు కావాలంటిని గదత్తా."

"నువ్వున్నవు. నీకు ఇంకేమన్న కోరుకునే దినాలున్నయి. వానికి లేవు."

ఆమె కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. ఆయన నాకు మొగుడిగా ఉన్నదానికంటే ఆమెకు కొడుకుగా ఎక్కువ కాలం ఉన్నాడు. ఆ లెక్కన చూసినా నేనే తగ్గాలి. అయినా నాకు కోపం వచ్చింది, అత్త మీద కాదు, ఆయన మీద. బతికుండి ఒక్కనాడూ నా మీద పూర్తిగా గెలవలేని మనిషి, పోయి గెలిచాడు. పోయినవాడితో ఎవరు వాదిస్తారు?

మర్నాడు సైదులు నీలం మూత తీశాడు.

తడి మీద ఉన్నంతసేపు ఆ రంగు చాలా బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. అత్త పీట వేసుకుని గుమ్మంలో కూర్చుని, కర్ర మీద గడ్డం ఆనించి, గోడంతా నీలం కావడం చూసింది. మధ్యమధ్య, "గీ మూల సన్నగ పడ్డది సూడు సైదులూ" అని చెప్పింది. మాఘం తర్వాత ఆమె అంతసేపు కూర్చోవడం నేను చూడలేదు. ఒక పూత ఆరాక రెండో పూత వేసి, తలుపులు బార్లా తీసిపెట్టి సైదులు వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్లాను. బావ కోరుకున్న గది కదా, బావ పడుకునే వేళకే పడుకుందామని వెళ్లాను. చాప పరిచి వెల్లికిలా పడుకున్నాను. బయట అంత ఎండ ఉన్నా లోపల గోడలు ఎక్కడున్నాయో తెలియడం లేదు. నీలమని ఎవరైనా చెబితే నమ్మాలి, అంతే. అది నిద్రపోయే చీకటి కాదు. నాలుగు మూలలూ నా మీదికి వస్తున్నట్టు ఉంది. పక్కకు చెయ్యి చాపితే చాప తగిలింది, చాప దాటితే బండ. మూడు నెలలుగా ఏడవకుండా నెట్టుకొచ్చినదాన్ని, ఆ బండ మీద చెయ్యి పెట్టుకుని బాగా ఏడ్చాను.

ఏడుపు వినబడిందేమో, అత్త కర్ర చప్పుడు దగ్గరికి వచ్చింది. గుమ్మంలో నిలబడి గోడల వంక చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చేసరికి ఆమె చేతిలో ఒక నూలు కట్ట ఉంది. బావ పోకముందు ముంచి ఆరేసిన ఆఖరి నీలం అది, మగ్గం పైన దండెం మీద అట్లాగే ఉండిపోయింది.

ఆ కట్టను గోడకు ఆనించి పట్టుకుంది. "లేచి సూడు" అంది.

లేచి చూశాను. నూలు నీలంగా ఉంది, గోడ నల్లగా ఉంది.

"గిది వాని రంగు కాదు" అంది అత్త.

"డబ్బా ఆయన కలిపించిందే అత్తా. నా ముందే కలిపించిండు."

"గదే అంటున్న. తడి మీద చూసి లెక్క గట్టిండు. ఎండితె తేలుతదని ముదురు చేపిచ్చిండు గద?"

అప్పుడు నాకు వెలిగింది. కుండలోంచి తీసిన నూలు తడి మీద నల్లగా కనిపిస్తుంది, నీడన ఆరేస్తే తేలి అసలు రంగుకు వస్తుంది. ఎంత తేలుతుందో చూపుతోనే చెప్పగలిగినవాడు కాబట్టే మా బావకు పేరు. ఆ చూపుతోనే దుకాణంలో డబ్బా కూడా చూశాడు. గోడ రంగు నూలు దారిలో పోలేదు, ఎదురు తిరిగింది.

పక్కింటి గోడకు రంగు వేస్తున్న సైదులును పిలిచి అడిగాను. "ఔనక్కా, గీ డబ్బల రంగు ఎండితె ఇంకింత ముదురైతది" అన్నాడు.

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"అన్నకు రంగుల సంగతి నేను చెప్తనా?" అన్నాడు సైదులు. అదీ నిజమే. మా ఊళ్లో ఎవరూ చెప్పరు.

సైదులు పోయాక అత్తా నేనూ ఆ నల్లటి గదిలోనే కూర్చున్నాం. ఆమె నూలు కట్టను ఒళ్లో పెట్టుకుని వేళ్లతో దువ్వుతోంది. "గీ కట్ట పట్టుకపోయి దేవరకొండల చూపియ్యి. గిదే రంగు కలుపుమను. గప్పుడు వాని కోరిక తీరినట్టు" అంది.

అది సరైన మాటే. బస్సెక్కితే అయిపోయే పని. కట్ట అందుకున్నాను కూడా. కానీ చేతిలోకి తీసుకున్నాక ఒకటి గుర్తొచ్చి ఆగిపోయాను. మా ఇంట్లో రంగుల గొడవ తెగకపోతే ఒక పద్ధతి ఉంది. ఎవరి రంగులో వాళ్లు చిన్న కట్ట ముంచాలి. ఎవరిది అనుకున్నట్టు రాకపోతే వాళ్లు నోరు మూసుకోవాలి, రెండోవాళ్లది మగ్గం ఎక్కుతుంది. ఇంకోసారి ముంచి చూపిస్తాననడానికి లేదు. ఆ పద్ధతి పెట్టింది బావే. నేను రెండోసారి అడిగినప్పుడల్లా, "లేదు లేదు, అయిపోయింది నీ పని" అని వేలు ఊపేవాడు.

అత్తకు ఆ మాట చెప్పాను. ఆమెకు తెలియనిదేం కాదు, నలభై ఏళ్లు కండెలు చుడుతూ మా గొడవలకు, అంతకుముందు మామ గొడవలకు సాక్ష్యం ఉన్న మనిషి.

"అయితె ఓడిపోయిండన్నట్టు" అంది.

"ఓడిపోయిండత్తా."

ఆమె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తెలిసుంటె ఎంత కోపానికొచ్చునో" అంది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే గుమ్మం వైపు చూశాను, అలవాటు. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు.

పక్కింట్లో పెండ్లి అయ్యాక సైదులు మళ్లీ వచ్చి నేరేడు డబ్బా మూత తీశాడు. ఆ నలుపు మీద నా రంగు పట్టడానికి ఒక పూత ఎక్కువే పడింది. ఆరేదాకా నేను గదిలోకి తొంగి చూడలేదు. నా లెక్కా తప్పితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆరిన తర్వాత అత్తనూ సైదులునూ ముందు పంపి, వాళ్ల వెనక వెళ్లాను.

కార్డు మీద ఎట్లా ఉందో అట్లాగే వచ్చింది. పడమటి ఎండ కిటికీలోంచి ఒక పక్క గోడ మీద పడితే, అక్కడ మాగిన నేరేడు పండులా ఉంది, నీడ ఉన్న మూలల్లో మెత్తగా, కళ్లకు హాయిగా ఉంది. చీకటి కావాలంటే చీకటి, గోడ కావాలంటే గోడ. బావ కోరుకున్న నిద్ర అచ్చంగా ఆ గదిలోనే ఉంది.

"నువ్వు తీసిన రంగు గట్టిగున్నదక్కా" అన్నాడు సైదులు.

"మంచిగున్నది బిడ్డా. నీదే మంచిగున్నది" అంది అత్త.

సైదులు బ్రష్షులు కడుక్కుని వెళ్లిపోయాడు. అత్త అన్నం తిని నడుము వాల్చింది. నేను గదిలో ఒక్కదాన్నే నిలబడ్డాను. ఇరవై రెండేళ్లలో ఇంత బాగా నేను ఏ గొడవా గెలవలేదు. ఆయన మాట తప్పింది, నా మాట నిలిచింది, గోడే సాక్ష్యం. ఇక తప్పించుకునే దారి లేదు ఆయనకు. నాకు ఆ సంతోషం గొంతు దాకా వచ్చింది. దాన్ని ఎవరికి చెప్పాలో తెలియక అక్కడే తిరిగాను, ఒక గోడ దగ్గరి నుంచి ఇంకో గోడ దగ్గరికి.

"చూసినవా బావా, నేను చెప్పలే?" అని పైకే అన్నాను.

కొత్తగా రంగు వేసిన ఖాళీ గది కదా, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు. అంత ఒంటరిగా నాకు ఆయన్ని కాలబెట్టి వచ్చిన రోజు కూడా అనిపించలేదు.

కర్ర చప్పుడైంది. అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. నా మొహం చూసింది, గోడల వంక చూసింది, మళ్లీ నా మొహం చూసింది. మెల్లగా లోపలికి వచ్చి చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏమైనగాని, నాకైతె నచ్చలే" అంది.

నేను తెల్లబోయాను. "ఇందాక మంచిగున్నదంటివి గదత్తా?"

"ఇందాక సైదులుండె. పరాయి మనిషి ముందల కోడలు తీసిన రంగుకు వంకలు పెడ్తనా? నీలమే ఉండాలె. నా కొడుకు అన్నదే కరెక్టు."

"ఏం కరెక్టు? నల్లగ బొగ్గు లెక్క రాలే?"

"అది దుకాణపోని తప్పు. నీలం నీలమే. గీ రంగు చూస్తె నాకు కండ్లు లాగుతున్నయి."

ఆమె అబద్ధం చెబుతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, మూతి మాత్రం బావ బిగించినట్టే బిగించింది. నేను ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"నీకేం తెల్సత్తా రంగుల సంగతి?" అన్నాను.

"నాకు తెల్వదా? నువ్వు పుట్టకముందుకెల్లి చూస్తున్న."

అట్లా మొదలుపెట్టాం. పడమటి ఎండ దగ్గర, నేరేడు దగ్గర, నీలం దగ్గర, కార్డు దగ్గర, మామ ముంచిన పాత చీరల దగ్గర, ఒక్క మాట నేను తగ్గలేదు, ఒక్క మాట ఆమె తగ్గలేదు. నా గొంతు లేచింది. పక్కింటివాళ్లు ఏమైందోనని గోడ మీంచి తొంగి చూసే ఉంటారు. నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది.

కాసేపటికి అత్తకు అలుపొచ్చింది. "సరే తియ్యి, నీదే మంచిగున్నది" అని పక్కకు ఒరిగి, కొంగు మొహాన కప్పుకుని నిద్రపోయింది. నేను ఇంకా చెప్పాల్సిన మాటలు నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. బావ అయితే పొద్దుగూకేదాకా ఒప్పుకునేవాడు కాదు.